ఎనిమిది నెలలకే ఉంగరం నిండా గీతలు

ప్రశ్న: మా పెళ్లయి ఎనిమిది నెలలైంది. ఇద్దరం ఒకేలాంటి వైట్ గోల్డ్ ఉంగరాలు చేయించుకున్నాం. లోపలి వైపు 750 అనే ముద్ర, మా పెళ్లి తేదీ ఉన్నాయి. కొన్న రోజు అద్దంలా మెరిశాయి. ఇప్పుడు చూస్తే బెంగగా ఉంది. నా ఉంగరం నిండా సన్నని గీతలు. అరచేతి వైపు తెలుపు పోయి లేత పసుపు కనిపిస్తోంది. అదే వేలికి వజ్రపు ఉంగరం కూడా పెట్టుకుంటాను. అది తగిలే అంచు గరుకుగా తయారైంది. మావారు రోజూ వ్యాయామశాలలో బరువులు ఎత్తుతారు. ఆయన ఉంగరానికి గీతలతో పాటు ఒక సొట్ట కూడా పడింది, గుండ్రంగానూ లేదు. నేను వారానికి మూడు రోజులు ఈతకు వెళ్తాను, ఉంగరాలు తీయను. గీతలు పోతాయని ఎవరో చెబితే టూత్‌పేస్ట్‌తో రుద్దాను. ఉన్న మెరుపు కూడా మసకబారింది. మేము మోసపోయామా? ప్లాటినం తీసుకోవలసిందా? నెలకోసారి మెరుగు పెట్టిస్తే కొత్తదానిలా ఉంటుందా? మావారు మాత్రం బీరువాలో దాచి వేడుకలప్పుడు తీద్దామంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.
– పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం: మీరు మోసపోలేదు. ఆ మాట ముందే చెబితే మిగిలినది స్థిమితంగా చదువుతారని మొదటి వాక్యంలోనే రాస్తున్నాను. ఆభరణాల పనిబల్ల దగ్గర చాలా ఏళ్లు గడిపినవాడిని. పెళ్లయిన ఏడాదిలోపే ఇదే బెంగతో, దాదాపు ఇవే మాటలతో వచ్చిన జంటలను ఎందరినో చూశాను. మంచి వైట్ గోల్డ్ ఉంగరాన్ని తీయకుండా వాడితే ఎనిమిది నెలలకు ఎలా ఉంటుందో మీది అలాగే ఉంది. ‘దీని తెలుపు పైపూత, రోజూ పెట్టుకుంటే ఏడాదికో రెండేళ్లకో అరుగుతుంది, గీతలు మొదటి వారం నుంచే పడతాయి’ అని కొన్న రోజున ఎవరైనా చెప్పి ఉంటే మీరు ఇంత కలత పడేవారు కారు. కొనేవారికి ఈ నాలుగు ముక్కలు చెప్పకుండా ఉంగరం చేతిలో పెట్టడం నాకు ఎప్పుడూ నచ్చదు.

మీరు ఒకటిగా చూస్తున్న సమస్య నిజానికి రెండు. గీత వేరు, రంగు వేరు. కారణాలు వేరు, చేయవలసిన పనులూ వేరు. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లే చాలామంది అవసరం లేని మెరుగులు పెట్టించి ఉంగరాన్ని చేతులారా పలుచన చేసుకుంటారు. మీరు నెలకోసారి మెరుగు అని రాసిన చోట నా గుండె ఒక్కసారి జారింది. ఆ విషయానికి తప్పకుండా వస్తాను.

రంగు సంగతి ముందు చూద్దాం. స్వచ్ఛమైన బంగారం ఎప్పుడూ పసుపే. దాన్ని తెల్లబరచాలంటే ఆ పసుపును అణచివేసే లోహం కలపాలి. ఆ పని బాగా చేసేవి నికెల్, పల్లాడియం. మీ ఉంగరం మీది 750కి అర్థం, వెయ్యి పాళ్లలో 750 పాళ్లు బంగారమని, అంటే 18 క్యారెట్లని. 14 క్యారెట్లయితే 585 అని ఉంటుంది. మిగిలిన 250 పాళ్లలో నికెల్ గానీ పల్లాడియం గానీ ఉంటుంది, తోడుగా కొంత రాగి, వెండి, జింకు కలుపుతారు. నాలుగింట మూడు వంతులు బంగారమే అయినప్పుడు ఆ పసుపు పూర్తిగా ఎక్కడికి పోతుంది? ఎంత నేర్పుగా కలిపినా చాలా మిశ్రమాల్లో లేత పసుపు ఛాయో బూడిద ఛాయో మిగిలిపోతుంది. వైట్ గోల్డ్ 20వ శతాబ్దపు తొలినాళ్లలో ప్లాటినానికి బదులుగా వాడుకలోకి వచ్చిన లోహం. జనం కోరుకునేది ప్లాటినం లాంటి తెలుపు. ఆ తెలుపు కోసమే పైన రోడియం పూత వేస్తారు.

రోడియం ప్లాటినం కుటుంబానికి చెందిన లోహం. 1804లో విలియం హైడ్ వొలాస్టన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త దాని సంగతి ప్రకటించాడు. పల్లాడియాన్ని కనుగొన్నదీ ఆయనే. రోడియం లవణాలు గులాబీ రంగులో ఉంటాయి కాబట్టి గ్రీకు భాషలో గులాబీని సూచించే మాటతో దానికి పేరు పెట్టాడు. లవణం గులాబీ రంగు, లోహం మాత్రం తెల్లని తెలుపు. శుభ్రం చేసిన ఉంగరాన్ని రోడియం ద్రావణంలో వేలాడదీసి విద్యుత్తు పంపితే కొద్దిసేపట్లోనే దాని ఒళ్లంతా తెల్లని పొర కట్టుకుంటుంది. ద్రావణంలోంచి ఉంగరం బయటికి వచ్చే ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు కొత్తగానే ఉంటుంది.

అయితే ఆ పొర మందం ఎంతో తెలుసా? ఉంగరాలకు సాధారణంగా ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ. మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తలవెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. వెంట్రుకలో డెబ్బయ్యో వంతు మందమున్న పొర మీ చేతి సంచుల పిడికీ, తలుపు గడియకూ, వాహనం హ్యాండిల్‌కూ రోజంతా రాసుకుంటూ ఉంది. అందుకే అది మొదట అరిగేది అరచేతి వైపు. కొన్నేళ్లు వాడిన ఏ వైట్ గోల్డ్ ఉంగరాన్ని తిప్పి చూసినా ముందు పసుపు తిరిగేది అక్కడే. మీకు కనిపిస్తున్న ఆ లేత పసుపు మురికి కాదు, కల్తీ అంతకన్నా కాదు. మీరు కొన్న బంగారమే పైకి కనిపిస్తోంది. ఈత, టూత్‌పేస్ట్, పక్కన వజ్రపు ఉంగరం, ఈ మూడూ కలిసినందువల్ల ఏడాది నిలవాల్సిన పూత కాస్త ముందుగా పోయిందంతే.

పూత మళ్లీ వేయించుకోవచ్చు. పెద్ద పని కాదు. అసలు వేయించుకోకపోయినా ఉంగరానికి వచ్చిన నష్టమేమీ లేదు. పల్లాడియం పాలు బాగా ఉన్న మిశ్రమాలకు సొంత రంగే వెచ్చని బూడిద తెలుపు. దాన్ని ఇష్టపడి, మిగిలిన పూత కూడా తీయించేసి, ఇక ఆ గొడవే లేకుండా పెట్టుకునేవారు ఉన్నారు. మీ ఉంగరంలో కలిసింది నికెలా, పల్లాడియమా అని కొన్నచోట అడగండి. ఆ ఒక్క సమాధానంతో చాలా విషయాలు తేలతాయి.

అడగమనడానికి మరో కారణం ఉంది. నికెల్ కొందరి చర్మానికి పడదు. పూత ఉన్నంతకాలం నికెల్‌కూ చర్మానికీ మధ్య రోడియం అడ్డుగోడలా నిలుస్తుంది. లోపలి వైపు పూత అరిగాక ఆ గోడ ఉండదు. ఐరోపా దేశాలు ఒంటికి తగిలే వస్తువుల నుంచి నికెల్ ఎంత విడుదల కావచ్చో 1994లోనే చట్టపరంగా పరిమితి పెట్టాయంటే ఇది ఎంత మామూలు సమస్యో ఊహించుకోవచ్చు. ఉంగరం కింద ఎరుపు, దురద, పొక్కులు కనిపిస్తే తీసి పక్కన పెట్టండి. సబ్బు నురగ అడుగున చిక్కుకుని ఎండినా ఇలాంటి మంటే వస్తుంది. కాబట్టి ఉంగరాన్నీ వేలినీ బాగా కడిగి, పొడిగా ఉంచి రెండు మూడు రోజులు చూడండి. తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించాలి. మీరు అలాంటిదేమీ రాయలేదు కాబట్టి దీన్ని ఇక్కడితో ఆపుతున్నాను.

ఇక గీతలు. లోహాలూ రాళ్లూ ఏది దేన్ని గీస్తుందో చెప్పే కొలబద్ద ఒకటి ఉంది. ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన ఆ కొలబద్ద మీద వజ్రానిది అన్నింటికన్నా గట్టిదైన 10వ మెట్టు. స్వచ్ఛమైన బంగారం 2.5 దగ్గర ఆగిపోతుంది. నికెల్ కలిస్తే బంగారం బాగా గట్టిపడుతుంది, పల్లాడియం కలిస్తే అంతగా కాదు. ఏది కలిసినా గట్టిపరిచిన ఉక్కుకు మాత్రం సరితూగదు. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్‌ది 7వ మెట్టు. ఇసుక అంటే సముద్రతీరంలోదే కాదు. మట్టి అంటిన కూరగాయల మీద, కిటికీ గట్టు మీది దుమ్ములో, నేల తుడిచే గుడ్డలో కంటికి కనిపించని క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. మీరు దేనికీ గుద్దుకోకపోయినా, బల్ల మీద చెయ్యి ఆనించి పక్కకు జరిపితే చాలు, అవి తమ పని చేస్తాయి. ‘నేను ఎంతో జాగ్రత్తగా ఉన్నాను, అయినా గీతలెలా పడ్డాయి’ అని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఇదే.

‘పైనున్న రోడియం చాలా గట్టిది కదా, అది కాపాడదా’ అని మీరు అడగవచ్చు. రోడియం పూత నిజంగానే గట్టిది. కానీ అది ఎంత పలుచనో పైన చూశారు. పరుపు మీద గాజు రేకు పరిచి దాని మీద బరువు పెడితే ఏమవుతుంది? గాజు గట్టిదే, కింద ఉన్నది మెత్తన. దెబ్బ తగిలినప్పుడు అడుగున బంగారం నొక్కుకుపోతుంది, దానితో పాటే పూతా కుంగుతుంది. చిన్న చిన్న రాపిళ్లను పూత కొంత ఆపగలదు గానీ, తాళంచెవి గీతను ఆపలేదు.

వియన్నాకు చెందిన గియోర్గ్ స్టైన్‌హౌజర్ అనే రసాయన శాస్త్రవేత్త తన పెళ్లి ఉంగరాన్ని ఏడాది పాటు వారం వారం తూకం వేసి, ఆ వివరాలను 2008లో ప్రచురించాడు. 18 క్యారెట్ల బంగారం, ఐదున్నర గ్రాములకు కాస్త ఎక్కువ బరువు. ఏడాది పొడవునా వేలికి ఉంచుకుంటే తగ్గినది 6 మిల్లీగ్రాములకు కొంచెం పైన. అంటే దాదాపు వెయ్యింట ఒక వంతు. ఇసుక తీరంలో సెలవులు గడిపినప్పుడు, తోటపని చేసినప్పుడు అరుగుదల పెరిగింది. ఇదే లెక్కన 50 ఏళ్లు వాడినా ఉంగరంలో పోయేది ఇరవయ్యో వంతుకు అటూ ఇటూ. ఆయన ఉంగరం, ఆయన జీవనశైలి వేరు, మీవి వేరు. అంకెలు అచ్చంగా సరిపోవు. అయినా ఈ లెక్కను నేను తరచూ గుర్తు చేసుకుంటాను, ఎందుకంటే గీతలు కంటికి కలిగించే భయానికీ ఉంగరానికి నిజంగా జరిగే నష్టానికీ ఎంత తేడా ఉందో అది చూపిస్తుంది.

మరి ఇంత తక్కువ లోహం పోతే ఉంగరం ఎందుకు అంత పాడైనట్టు కనిపిస్తుంది? అద్దం వల్ల. కొత్త ఉంగరం అద్దం లాంటిది, దాని మీద ఒక్క గీత పడినా కన్ను నేరుగా అక్కడికే పోతుంది. పది పడితే పదీ లెక్కకు దొరుకుతాయి. కొన్నాళ్లకు గీతలు వందలై, వేలై, ఒకదానిపై ఒకటి అల్లుకుపోతాయి. అప్పుడు వెలుగు ఒకే దిశలో కాకుండా అన్ని వైపులకూ చెదిరి, ఉంగరం మీద మెత్తని కాంతి పరుచుకుంటుంది. ఏ ఒక్క గీతా విడిగా కనిపించదు. తాతలనాటి ఉంగరాల మీద ఉండే ఆ నిండుదనం ఇలా వచ్చినదే. మీ ఉంగరం ఇప్పుడు ఈ రెండింటికీ మధ్య ఉంది. కొత్తదనం పోయింది, పాతదనం ఇంకా రాలేదు. అందరినీ ఎక్కువగా బాధపెట్టే కాలం ఇదే. ఈ దశలో ఓపిక పట్టినవారు పదేళ్ల తర్వాత గీతల గురించి అడగడం నేను చూడలేదు.

ఇప్పుడు మెరుగు గురించి. మెరుగు పెట్టడమంటే గీతను పూడ్చడం కాదు. గీత అడుగు ఎంత లోతులో ఉందో అంతవరకూ చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీయడం. తిరిగే చక్రానికి మెరుగు పెట్టే మందు రాసి ఉంగరాన్ని దానికి ఆనిస్తారు. ఒక్కసారి గట్టిగా మెరుగు పెడితే వేలి మీద ఏళ్ల తరబడి అరిగేంత లోహం పోవచ్చు. నెలకోసారి పెట్టిస్తే అంచుల పదును పోయి మొద్దుబారుతాయి, రాయిని పట్టి ఉంచే సన్నని కొక్కేలు ఇంకా సన్నబడతాయి, పట్టీ పలుచనై సులువుగా వంగుతుంది. గీతలు ఉంగరాన్ని తినేయలేవు, అతి మెరుగు తినేస్తుంది. అందుకే ఆ మాట చదివి భయపడ్డాను.

రోడియం పూత గీతల్ని కప్పుతుందన్న ఆశ కూడా పెట్టుకోకండి. గోడ మీది గాడిపై సున్నం వేస్తే గాడి మాయం కాదు, తెల్లని గాడి అవుతుంది. కాబట్టి గీతలు పోవాలంటే పూతకు ముందు మెరుగు తప్పదు. నా సలహా: రంగు మీకు బాగా ఇబ్బందిగా ఉన్నప్పుడు మాత్రమే, ఏడాదికో రెండేళ్లకో, పూత వేయించండి. అప్పుడు కూడా ‘తేలికపాటి మెరుగు చాలు, లోతు గీతల జోలికి వెళ్లవద్దు’ అని స్పష్టంగా చెప్పండి. లోపలి తేదీ మీద చక్రం తగలకూడదని మరీ మరీ చెప్పండి. పనికి ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు మీ ఎదుటే తూకం వేయించండి. ఇది అనుమానంతో చేసే పని కాదు. మెరుగుకు ఎంత పోయిందో కళ్లతో చూస్తే, మళ్లీ ఎప్పుడు పెట్టించాలో మీకే తెలుస్తుంది. మంచి పనివారెవరూ దీనికి నొచ్చుకోరు. ఎక్కడైనా ఒకే ఒక్క లోతైన గంటు పడితే, ఉంగరమంతా దాని లోతుకు అరగదీయించే బదులు, లేజర్‌తో అక్కడ మాత్రమే కాస్త బంగారం నింపించి చదును చేయించవచ్చు.

టూత్‌పేస్ట్ విషయంలో మిమ్మల్ని మీరు నిందించుకోకండి, ఈ సలహా ఇచ్చేవారు ప్రతిచోటా ఉన్నారు. అది పంటి పైపొర కోసం చేసినది. పంటి పైపొర మోస్ కొలబద్ద మీద 5వ మెట్టు, బంగారం కన్నా చాలా గట్టిది. పేస్టులో ఉండే రుద్దుడు పొడి పంటిని శుభ్రం చేస్తే, బంగారం మీద సన్నని గీతల పొరను పరుస్తుంది. మీరు చూసిన మసక అదే. ఇది పైపైదే, తర్వాతి తేలికపాటి మెరుగుతో పోతుంది. వంటసోడా, బూడిద, పీచు కూడా ఇదే జాతి. లోహాలు మెరిపించడానికి అమ్మే మందు పట్టించిన గుడ్డలు పసుపు బంగారానికి పనికొస్తాయి గానీ, రోడియం పూతను కొంచెం కొంచెంగా తినేస్తాయి. మందు లేని మెత్తని గుడ్డ వాడండి.

శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు చుక్కలు చాలు. ఇరవై నిమిషాలు నానబెట్టి, చిన్నపిల్లల మెత్తని బ్రష్‌తో లోపలా బయటా తోమి, గిన్నెలోనే కడగండి. పారే నీళ్ల కింద కడిగి తూములో పోగొట్టుకున్నవారి కన్నీళ్లు చూశాను. ఈ పని ఇవాళే చేయండి. మీరు గీతలనుకుంటున్న మసకలో సగం సబ్బు, చేతులకు రాసే క్రీము కలిసి పేరుకున్న జిడ్డు కావచ్చు.

ఈత గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. మీ ఉత్తరంలో నన్ను నిజంగా కలవరపెట్టినది గీతలు కాదు, ఇదే. కొలనులో క్లోరిన్ ఉంటుంది. అది బంగారాన్ని పెద్దగా ఏమీ చేయకపోయినా, దానితో కలిసిన నికెల్, రాగి, జింకుల మీద దాడి చేస్తుంది. వంచినప్పుడు, సుత్తితో కొట్టినప్పుడు లోహంలో బిగువు మిగిలిపోయిన చోట్ల వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. నికెల్ కలిసిన వైట్ గోల్డ్‌కు ఈ ప్రమాదం ఎక్కువ. బిగువు ఎక్కువగా ఉండేది ఎక్కడ? రాయి మీదికి వంచిన కొక్కేల్లో. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, ఒకరోజు కొక్కెం విరిగి వజ్రం రాలిపోతుంది. బట్టలు తెల్లబరచే బ్లీచ్ ఇంకా ఘాటైనది, వేడి నీటి తొట్టెల్లో క్లోరిన్ పని మరింత చురుగ్గా సాగుతుంది. పైగా చల్లని నీళ్లలో వేళ్లు సన్నబడతాయి, ఉంగరం ఎప్పుడు జారిందో కూడా తెలియదు. కాబట్టి ఈతకు వెళ్లేటప్పుడు రెండు ఉంగరాలూ ఇంట్లో ఉండాలి, కొలను దగ్గరి సంచిలో కాదు. ఎనిమిది నెలలుగా తీయలేదన్నారు కాబట్టి, వజ్రపు ఉంగరం కొక్కేలను భూతద్దంతో చూపించండి. అంతవరకు ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టి వేలితో తట్టండి, రాయి వదులైతే సన్నగా టకటకలాడుతుంది. ఉన్ని దారం మీద నుంచి లాగితే దారం చిక్కుకున్నా, కొక్కెం లేచిందని అర్థం. రాయి కదులుతున్న ఉంగరాన్ని శబ్దతరంగాలతో శుభ్రం చేసే యంత్రంలో ఎప్పుడూ వేయనివ్వకండి, రాయి ఊడి వస్తుంది. ఇంకో మాట, పాదరసం బంగారంతో ఇట్టే కలిసిపోతుంది. థర్మామీటర్ పగిలితే, ఉంగరం ఉన్న చేత్తో ముట్టుకోవద్దు.

మీ పెళ్లి ఉంగరం ఒక అంచు గరుకెక్కడానికి కారణం మీకే అర్థమై ఉంటుంది. వజ్రం 10వ మెట్టు మీద కూర్చున్నది. మీరు పిడికిలి బిగించినప్పుడల్లా పక్క ఉంగరంలోని రాయి అంచో, దాన్ని పట్టిన కొక్కెమో పెళ్లి ఉంగరాన్ని ఆకురాయిలా గీకుతోంది. ఇది మామూలు గీతల్లాంటిది కాదు, ఒకే చోట ఏళ్ల తరబడి సాగితే గాడి పడుతుంది. వజ్రపు ఉంగరాన్ని మరో చేతికి మార్చడం అన్నింటికన్నా సులువు. రెండూ ఒకే వేలికే కావాలంటే, వాటిని కలిపి అతికించవచ్చు. అప్పుడు ఒకదానితో ఒకటి రాసుకోవు. కానీ ఆ తర్వాత విడివిడిగా పెట్టుకోవడం కుదరదు, బాగా ఆలోచించుకోండి. రాత్రి తీసి ఒకే డబ్బాలో వేసినా ఇదే గొడవ. ఒక్కోదానికి ఒక్కో మెత్తని సంచి ఉండాలి.

ప్లాటినం కొని ఉంటే బాగుండేదా? దానికి పూత అక్కర్లేదు, ఎంత అరిగినా లోపలా తెలుపే. అది నిజమైన సుఖం, కాదనను. కానీ గీతల విషయంలో అది మీ బెంగ తీర్చేది కాదు. ప్లాటినం ఉంగరాలకూ గీతలు పడతాయి, నిగారింపు తగ్గి బూడిద ఛాయ తిరుగుతుంది. తేడా ఏమిటంటే, ప్లాటినం మీద గీత పడితే లోహం ఎక్కువగా పక్కకు ఒరిగి ఉంగరం మీదే ఉండిపోతుంది, బంగారమైతే కొంత రాలిపోతుంది. ప్లాటినం బరువు కూడా బాగా ఎక్కువ. గీత పడని లోహం కోసం వెతికి ఉంగరం మార్చుకోవాలనుకుంటే మాత్రం ఆ ఖర్చు వృథా.

బీరువా సంగతికి వద్దాం. మీవారి మాటలో ఉన్న ప్రేమ నాకు అర్థమవుతోంది, మీకెంతో ఇష్టమైనది పాడవుతుంటే చూడలేక అన్నారు. అయినా ఈ విషయంలో నేను మీ వైపే. పెళ్లి ఉంగరాన్ని వేలికి పెట్టుకునేందుకే చేయించుకున్నారు. పైన చెప్పిన వియన్నా శాస్త్రవేత్త లెక్క ప్రకారం రోజూ పెట్టుకున్నా అది మీ జీవితకాలం నిలుస్తుంది. తీయవలసినప్పుడు తీయడం నేర్చుకుంటే చాలు: ఈత, బరువులు, తోటపని, ఇసుక, బ్లీచ్, చేతికి పనిముట్లు పట్టే పని. మిగిలినవన్నీ ఉంగరంతోనే చేసుకోండి. ఇంట్లో తీసిన ప్రతిసారీ ఒకే గిన్నెలో పెట్టే అలవాటు చేసుకుంటే పోగొట్టుకునే భయమూ ఉండదు.

మీవారికి అద్దంలాంటి నునుపు సరిపడదు. ఆయన ఉంగరానికి పై మెరుపు తీయించి, సన్నని చారలతో మసక నగిషీ పెట్టించమని నా సూచన. దాని మీద కొత్త గీత పడినా పాతవాటిలో కలిసిపోతుంది. వాడేకొద్దీ ఎత్తుగా ఉన్న చోట్ల నునుపు తేలుతుంది, అప్పుడు మళ్లీ చారలు పెట్టించుకోవడం నిమిషాల పని.

కానీ ఆయన ఉంగరానికి అంతకన్నా ముందు జరగవలసిన పని ఒకటుంది. గుండ్రదనం పోయిందన్నారు. బరువులెత్తే కడ్డీని పట్టు జారకుండా గరుకుగా చెక్కుతారు. ఆ ఉక్కుకూ వేలి ఎముకకూ మధ్య బంగారం నలిగిపోతుంది. సొట్ట పడిన ఉంగరం వేలిని రెండు వైపులా నొక్కుతుంది. చెయ్యి వాచినప్పుడు తీయడం కష్టమవుతుంది, ఏదైనా యంత్రానికో కొక్కేనికో తగులుకుంటే వేలికే ప్రమాదం. స్వర్ణకారుడు దాన్ని కోసుగా ఉండే ఉక్కు కడ్డీకి ఎక్కించి, తోలు సుత్తితో చుట్టూ తట్టి మళ్లీ గుండ్రంగా చేస్తాడు. లోహం పోదు, ఎక్కువసేపూ పట్టదు. మీ పూత, మీ మెరుగు నెలల తర్వాతైనా ఫరవాలేదు. ఆయన ఉంగరాన్ని, మీ వజ్రపు ఉంగరం కొక్కేలను మాత్రం ఈ వారంలోనే చూపించండి. అంతవరకు ఆ ఉంగరంతో బరువులు ఎత్తవద్దని మీవారికి నా మాటగా చెప్పండి.